నాటకం తెరకెక్కితే మాటలు ఏమవుతాయి?

క్లుప్తంగా: రంగస్థలం మీద మాట చోటును చూపిస్తుంది, మనసును విప్పుతుంది, కథను నడుపుతుంది. కెమెరా రాగానే ఈ పనుల్లో చాలా భాగం దాని చేతిలోకి పోతుంది. పని పోయిన ఆ మాటలను దర్శకుడు ఏం చేశాడన్న దాన్ని బట్టే సినిమా నిలబడుతుంది. మూలానికి ఎంత దగ్గరగా ఉందన్నది ఆ తర్వాతి లెక్క. తెలుగు నాటకంలో పద్యానికి ఇంకో పని కూడా ఉండేది. తెలుగు సినిమా ముఖ్యంగా దాన్నే తీసుకుంది.

గిరీశం మొదటి మాటలు

గురజాడ నాటకం ‘కన్యాశుల్కం’ విజయనగరంలో, బొంకులదిబ్బ దగ్గర మొదలవుతుంది. గిరీశం ఒక్కడే వస్తాడు. సాయంకాలమైందంటాడు. పూటకూళ్లమ్మకు సంతలో సామాన్లు కొనిపెడతానని ఇరవై రూపాయలు పట్టుకెళ్లి డేన్సింగ్ గర్ల్ కింద ఖర్చుపెట్టేశానంటాడు. పట్టుమని పది వాక్యాలు కాకుండానే ప్రేక్షకుడికి వేళ తెలిసింది, ఊళ్లో ఇతగాడి పరపతి ఎంతో తెలిసింది, ఇక్కణ్ణుంచి ఉడాయించక తప్పని పరిస్థితి వచ్చిందనీ తెలిసింది.

ఇదే ఘట్టాన్ని సినిమాకు రాయాలంటే మొదటి వాక్యం అక్కర్లేదు. పొద్దువాలిన వెలుతురులో షాట్ తీస్తే చాలు. ఇరవై రూపాయలు చేతులు మారడాన్ని, అవి ఖర్చయిన ఇంటిని కూడా చూపించవచ్చు. అలా చూపిస్తే పోయేది ఒకటుంది. గిరీశం తన మోసాన్ని తానే, సిగ్గన్నది లేకుండా, పైపెచ్చు కాస్త మురిసిపోతూ మనతో చెప్పుకుంటాడు. జరిగినది చూస్తే అతనొక చిల్లర దొంగ. అదే అతని నోట వింటే గిరీశం.

శాస్త్రీయ నాటకాలను సినిమాలుగా తీసినప్పుడు వచ్చే చర్చ ఎక్కువగా ‘మూలాన్ని మార్చారా, మార్చలేదా’ అన్న దగ్గరే తిరుగుతుంది. మార్చని సినిమా అంటూ ఉండదు. రంగస్థలం మీద మాట మోసిన బరువును తెర మీద దేనికి అప్పగించారన్నది చూడవలసిన సంగతి.

ఒకే ఏడాది, రెండు మాక్‌బెత్‌లు

2021లో షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ ఆధారంగా రెండు సినిమాలు వచ్చాయి. ఒకటి జోయెల్ కోయెన్ అమెరికాలో తీసిన ‘ది ట్రాజెడీ ఆఫ్ మాక్‌బెత్’. రెండోది మలయాళంలో దిలీష్ పోతన్ దర్శకత్వంలో, శ్యామ్ పుష్కరన్ రచనతో వచ్చిన ‘జోజి’. ఒకే నాటకం దగ్గర బయలుదేరిన ఈ రెండూ ఎదురెదురు దిక్కులకు వెళ్లాయి.

కోయెన్ పద్యాన్ని ఉంచుకున్నాడు. నాలుగు వందల ఏళ్ల నాటి ఇంగ్లిష్‌ను డెంజెల్ వాషింగ్టన్, ఫ్రాన్సెస్ మెక్‌డోర్మండ్ అలాగే పలికారు. ఆ భాష నిజమైన కొండలూ కోటల మధ్య వినిపిస్తే కృత్రిమంగా ఉంటుంది. అందుకని ఆయన కొండలనూ కోటలనూ మానుకున్నాడు. స్టూడియో సెట్లు, నలుపు తెలుపు బొమ్మ, పాత సినిమాల్లాగా దాదాపు చతురస్రంగా ఉండే ఫ్రేము, ఎక్కడి నుంచి పడుతున్నాయో తెలియని నీడలు. ముగ్గురు మంత్రగత్తెలనూ క్యాథరీన్ హంటర్ ఒక్కతే పోషించింది. మాట సహజంగా లేనప్పుడు చోటు కూడా సహజంగా ఉండకూడదన్నది ఇక్కడి సూత్రం.

‘జోజి’ చేసింది దీనికి పూర్తిగా తలకిందులు. కేరళలో ఒక ఎస్టేటు, డబ్బూ మొండితనమూ దండిగా ఉన్న తండ్రి, ఆయన నీడలో పనికిరానివాడిగా మిగిలిపోయిన చిన్న కొడుకు. మంత్రగత్తెలు లేరు, జోస్యం లేదు, షేక్‌స్పియర్ వాక్యం ఒక్కటి కూడా లేదు. హత్యకు కత్తి కూడా అక్కర్లేకపోయింది, మందుబిళ్లలు మారిస్తే సరిపోయింది. మూలంలో లేడీ మాక్‌బెత్ భర్తకు నేర్పే పాఠం ఒకటుంది: పైకి అమాయకమైన పువ్వులా కనబడు, దాని అడుగున పామువై ఉండు. ‘జోజి’లో ఆ స్థానంలో ఉన్న వదిన బిన్సీ, మామగారి శవం ఇంటి నుంచి కదిలే వేళ మరిదితో అనేది ఒకే ముక్క, మాస్క్ పెట్టుకుని రమ్మని. కోవిడ్ కాలంలో ఎవరైనా ఎవరితోనైనా అనే మాటే అది. నాటకం గుండెకాయలాంటి ఉపమానాన్ని ముక్కూ నోరూ మూసే గుడ్డలోకి దించేశారు. అనుసరణ అన్న పనిలో ఇంతకన్నా పొదుపైన ఉదాహరణ దొరకడం కష్టం.

ఈ రెండు కొసలకూ నడుమన తీసిన సినిమాలే ఎక్కువ. బాజ్ లూర్మన్ 1996లో ‘రోమియో అండ్ జూలియెట్’ను ఈ కాలపు నగరానికి తెచ్చి, భాషను మాత్రం కదల్చలేదు. సంభాషణల్లో కత్తి అన్న మాట వస్తుంటే పాత్రల చేతుల్లో తుపాకులున్నాయి, ఆ తుపాకుల మీద కంపెనీ పేరుగా ‘స్వోర్డ్’ అని చెక్కించాడు. ఈ చమత్కారాన్ని ఇష్టపడినవాళ్లూ ఉన్నారు, విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. భాషకూ కాలానికీ మధ్య మిగిలిన అతుకు పైకి కనబడుతూనే ఉంటుందని మాత్రం అది ఒప్పుకుంటోంది.

స్వగతానికి ఒక సాకు

నాటకం నుంచి సినిమాకు రావడంలో అన్నిటికన్నా మొండి సమస్య స్వగతం. రంగస్థలం మీద పాత్ర తనలో తాను మాట్లాడుకుంటే ప్రేక్షకుడు అభ్యంతరం చెప్పడు, అది అక్కడి ఒప్పందం. సినిమాలో అదే చేస్తే పిచ్చివాడనుకుంటారు. సులువైన దారి తెర వెనక గొంతు. పెదవులు కదలవు, ఆలోచన వినిపిస్తుంది. అయితే నటుడికి చెయ్యడానికి ఏమీ మిగలదు, గోడ వంక చూస్తూ ఉండటం తప్ప.

ఇంతకన్నా మంచి దారి ఒకటుంది. పైకి మాట్లాడక తప్పని సందర్భాన్ని పాత్రకు కల్పించడం. విశాల్ భరద్వాజ్ ‘హైదర్’లో (2014) హామ్లెట్ కథ 1990ల కశ్మీర్‌కు వెళ్లింది. ‘ఉండటమా, లేకపోవడమా’ అన్న ప్రఖ్యాత స్వగతం శ్రీనగర్ లాల్ చౌక్‌లో జనం మధ్య ప్రసంగమైంది. గుండు గీయించుకున్న హైదర్ మెడలోని ఉరితాటినే మైకులా పట్టుకుని మనం ఉన్నామా లేమా అని అడుగుతాడు. ఒక మనిషి అంతరంగంలోని ప్రశ్న ఒక ప్రాంతపు ప్రశ్న కూడా అయింది. స్వగతం బహిరంగం కావడం వల్ల నష్టం రాలేదు, అర్థం పెరిగింది.

తెలుగువాళ్లకు దగ్గరగా వచ్చిన ఉదాహరణ ‘రంగమార్తాండ’. దాని వంశవృక్షం పొడవైనది. షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’ ప్రేరణతో వి.వా. శిర్వాడ్కర్ మరాఠీలో ‘నటసమ్రాట్’ నాటకం రాశారు. 1970లో శ్రీరామ్ లాగూ అందులో ప్రధాన పాత్ర వేశారు. 2016లో మహేశ్ మంజ్రేకర్ దాన్ని నానా పాటేకర్‌తో సినిమాగా తీశారు. 2023లో కృష్ణవంశీ ప్రకాశ్‌రాజ్‌తో తెలుగులోకి తెచ్చారు. ఈ ప్రయాణంలో రాజ్యం కాస్తా ఇల్లూ ఆస్తీ అయింది, ముగ్గురు కూతుళ్లు ఒక కొడుకూ ఒక కూతురూ అయ్యారు. అసలైన మార్పు వీటిలో లేదు. లియర్ రాజు, శిర్వాడ్కర్ కథానాయకుడు రంగస్థల నటుడు. జీవితమంతా పెద్ద పెద్ద మాటలు పలికినవాడు ముసలితనంలో, దిక్కులేని స్థితిలో, మామూలు బాధను కూడా నాటకీయంగా చెప్పుకుంటాడు. చూసేవాడికి అది అసహజంగా తోచదు. వృత్తి వల్ల వచ్చిన అలవాటులా ఉంటుంది. శిర్వాడ్కర్ రాసింది నాటకానికే అయినా, తర్వాత సినిమా వాళ్లను స్వగతం బెడద నుంచి గట్టెక్కించింది ఆ ఒక్క నిర్ణయమే.

నాలుగు గోడలు దాటాలా?

నాటకం తెరకెక్కుతోందంటే నిర్మాతకు ముందుగా వచ్చే ఆలోచన దాన్ని బయటికి తీసుకెళ్లడం. ఇంట్లో జరిగే సన్నివేశం తోటలోకో రైల్వే స్టేషన్‌కో మారుతుంది, సంభాషణలో మాత్రం మార్పు ఉండదు. పాత్రలు నడుస్తూ అవే మాటలు చెబుతాయి, అంతే. గదిలో కూర్చోబెట్టడానికి నాటకకర్తకు ఉన్న కారణం పోతుంది, బయట తిరగడానికి కొత్త కారణం పుట్టదు.

సిడ్నీ లుమెట్ ‘12 యాంగ్రీ మెన్’ (1957) దీనికి చక్కని జవాబు. మూలం టీవీ నాటకం. సినిమా దాదాపు అంతా జ్యూరీ కూర్చున్న ఒక్క గదిలోనే నడుస్తుంది. లుమెట్ గది దాటలేదు సరికదా, కథ ముందుకు పోతున్నకొద్దీ లెన్సు నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) పెంచుతూ, కెమెరా ఎత్తు తగ్గిస్తూ పోయాడు. గోడలు దగ్గరికి జరుగుతున్నట్టూ, పైకప్పు తలల మీదికి దిగుతున్నట్టూ ఉంటుంది. ఇరుకే నాటకమైతే ఇరుకునే పెంచాలని గ్రహించాడన్నమాట.

బయటికి వెళ్లక తప్పని చోట్లు కూడా ఉన్నాయి. రంగస్థలం మీద చూపలేని సంఘటనలను నాటకకర్త ఎవరో ఒకరి నోట కబురుగా చెప్పిస్తాడు. ‘మాక్‌బెత్’ చివర అడవి కదిలి వస్తోందన్న సంగతి ఒక దూత వచ్చి చెబుతాడు. అకిరా కురొసావా 1957లో ఇదే కథను జపాన్ యుద్ధ ప్రభువుల కాలానికి మార్చినప్పుడు పొగమంచులో కదిలే అడవిని చూపించాడు. చివర నాయకుణ్ణి చంపేది పగబట్టిన ప్రత్యర్థి కూడా కాదు, సొంత సైనికుల బాణాలు. షేక్‌స్పియర్ మాటల్ని పూర్తిగా వదిలి, నటనలో మాత్రం జపాన్ ప్రాచీన ‘నో’ రంగస్థలం పద్ధతులు వాడుకున్నాడు. ఒక నాటకాన్ని సినిమాగా మార్చడానికి మరో నాటక సంప్రదాయం అక్కరకొచ్చింది.

1955 నాటి ‘కన్యాశుల్కం’

గురజాడ నాటకం 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శించారు. 1897లో అచ్చయింది. 1909లో ఆయనే దాన్ని బాగా పెంచి, దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. ఈ రోజు అందరూ చదివేది ఆ ఏడంకాల రెండో కూర్పునే. మూలానికి విధేయత అనేవాళ్లు ఏ మూలమో ముందు తేల్చుకోవాలని రచయితే చెప్పకనే చెప్పినట్టయింది.

వినోదా సంస్థ నిర్మించి, పి. పుల్లయ్య దర్శకత్వం వహించిన సినిమా 1955లో వచ్చింది. ఎన్.టి. రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి, సి.ఎస్.ఆర్. రామప్పపంతులు, గోవిందరాజుల సుబ్బారావు లుబ్ధావధాన్లు, షావుకారు జానకి బుచ్చమ్మ. నటవర్గం బలం గురించి ఇప్పటికీ వాదన లేదు. వాదనంతా మార్పుల మీదే నడిచింది.

నాటకంలో నాయకుడు లేడు. గిరీశం కథను మొదలుపెడతాడు, చాలాసార్లు మాయమవుతాడు, నడుమ గంటల తరబడి కరటకశాస్త్రి, రామప్పపంతులు, అసిరి, మీనాక్షి, హెడ్డు కనిస్టీబు తమ తమ వ్యవహారాల్లో పడి ఉంటారు. ఎవరి ఎత్తు ఎవరికి తెలుసో గుర్తుపెట్టుకోవడమే ప్రేక్షకుడికి వినోదం. రెండున్నర, మూడు గంటల సినిమాలో ఈ అల్లికలో సగం తెగిపోతుంది. పైగా గిరీశం వేషంలో ఉన్నది పెద్ద హీరో. స్టార్ తెర మీద లేని పావుగంటను సినిమా హాలు ఓర్చుకోదు, స్టార్ చేసే వెధవ పనిని చూసే కళ్లు కూడా వేరు. గిరీశం బుచ్చమ్మను లేవదీసుకుపోవడం వేదిక మీద జరగదు, లేచిపోయారన్న సంగతి బయటపడ్డాక రేగే గగ్గోలే మనకు కనబడుతుంది. సినిమా ప్రేమ వ్యవహారాన్ని ఎంత దగ్గరగా చూపిస్తే గిరీశం అంత ప్రేమికుడవుతాడు, మోసగాడన్న సంగతి అంత పలచబడుతుంది. ఇది దర్శకుడి తప్పనడం కన్నా క్లోజప్ స్వభావమనడం సబబు.

మేనకోడలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు ఇవ్వకుండా ఆపడానికి కరటకశాస్త్రి తన శిష్యుడికి వేయించిన ఆడవేషం మరో చిక్కు. మగపిల్లవాడికి కోక కట్టి పెళ్లికూతురంటే లుబ్ధావధాన్లు నమ్మాలి, ప్రేక్షకుడికి మాత్రం గుట్టు తెలిసే ఉండాలి. ఆడవేషాలన్నీ మగవాళ్లే వేసే కాలంలో రాసిన ఘట్టం ఇది. ఆ కాలపు ప్రేక్షకుడికి వేదిక మీద ‘నిజమైన’ ఆడపాత్ర కూడా మగవాడే. ఆ జోడింపు చిలిపిదనం తెర మీదకు రాదు.

సినిమా తెలివిగా చేసిన పనులూ ఉన్నాయి. పాటలు పెట్టక తప్పని మార్కెట్టులో, గురజాడే రాసిన ‘పుత్తడిబొమ్మ పూర్ణమ్మ’ను, శ్రీశ్రీ కవితను పాటలుగా తెచ్చుకుంది. ముసలివాడికి అమ్ముడుపోయిన పూర్ణమ్మ కథ నాటకంలో సుబ్బికి తప్పిపోయిన గతే. నాటకం నవ్విస్తూ దాటేసిన విషాదాన్ని పాట మోసింది. మాట చేయలేని పనిని అదే రచయిత తాలూకు మరో రచనకు అప్పగించడం నేటి దర్శకులూ గమనించదగ్గ పద్ధతి.

తెలుగు తెర తీసుకున్నది పద్యాన్ని

తెలుగు సినిమా నాటకం ఒడిలోనే పుట్టింది. హెచ్.ఎం. రెడ్డి ‘భక్త ప్రహ్లాద’ (1932) ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం ఆధారంగా, సురభి నటులతో తయారైంది. 1939లో చిత్తజల్లు పుల్లయ్య కాళ్లకూరి నారాయణరావు ‘వరవిక్రయం’ నాటకాన్ని తీశారు. భానుమతి సినిమాల్లోకి వచ్చింది దానితోనే. అంత దగ్గరి చుట్టరికం ఉన్నా, ఈనాడు మలయాళంలోనో హిందీలోనో వచ్చినట్టు పాత నాటకాన్ని కొత్త కాలానికి మార్చి తీసిన సినిమాలు తెలుగులో అరుదు.

కారణాల్లో ఒకటి పద్యం. పద్యనాటకంలో మాట చోటునో మనసునో చెప్పడంతో ఆగదు, తానే చూడవలసిన వింత అవుతుంది. రాయబారం నాటి రాత్రి కృష్ణుడు ఏం చేస్తాడో తెలియక జనం వెళ్లలేదు. ఫలానా నటుడు ఫలానా పద్యాన్ని ఏ రాగంలో ఎత్తుకుంటాడు, ఎంతసేపు ఆపుతాడు అన్నదాని కోసం వెళ్లారు. ‘వన్స్ మోర్’ అంటే చచ్చిన పాత్ర లేచి మళ్లీ పాడి చచ్చేదన్న వేళాకోళం ఊరికే పుట్టలేదు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు కథతో పని లేకుండా జనం నోట నానేవి.

సినిమా ఈ నాలుగో పనినే పట్టుకుంది. స్థానం నరసింహారావు సత్యభామ వేషంలో ప్రసిద్ధి చేసిన ‘మీరజాలగలడా’ 1966 నాటి ‘శ్రీకృష్ణ తులాభారం’లో సుశీల గొంతుతో మళ్లీ వినిపించింది. రాయబారం పద్యాలు పౌరాణిక సినిమాల్లోకి ఘంటసాల గొంతుతో నడిచి వెళ్లాయి. నాటకపు నిర్మాణం, అంటే పాత్రల మధ్య బిగుసుకునే ఒత్తిడి, మాటల వెనక దాగే ఎత్తుగడ, అంత జాగ్రత్తగా తరలిరాలేదు. బళ్లారి రాఘవ రాగాలాపనను తగ్గించి సహజ నటన కోసం పట్టుబట్టిన మనిషి. 1936లో ద్రౌపది కథతో రెండు సినిమాలు పోటీగా వస్తే, ఆయన దుర్యోధనుడిగా ఉన్న ‘ద్రౌపదీ మానసంరక్షణం’ వెనకబడి, పద్యాల నటుల బలం ఉన్న ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’ గెలిచింది. ఒక్క పోటీతో మొత్తం తీర్పు చెప్పలేం గానీ మొగ్గు ఎటుందో తెలుస్తుంది. పౌరాణికాల జోరు తగ్గేసరికి పద్యంతో పాటు నాటకానికీ సినిమాకూ ఉన్న తాడు తెగింది. ఇబ్సెన్ ‘పిల్లర్స్ ఆఫ్ సొసైటీ’ ఛాయల్లో ‘పెద్దమనుషులు’ (1954) వంటివి రాకపోలేదు. అవి పరాయి నాటకం ఎముకలగూడును తీసుకున్నవి, సొంత నాటకాన్ని తిరగేసినవి కావు.

హక్కులు, కూర్పులు

భారత చట్టంలో సాహిత్య, నాటక రచనల కాపీరైట్ రచయిత మరణించాక 60 ఏళ్ల పాటు ఉంటుంది. గురజాడ 1915లో, కాళ్లకూరి 1927లో, వేదం వేంకటరాయశాస్త్రి 1929లో పోయారు కాబట్టి వారి నాటకాలను ఎవరైనా తీసుకోవచ్చు. 1999లో మరణించిన శిర్వాడ్కర్ నాటకం విషయంలో అలా కుదరదు.

కాపీరైట్ ఉన్న నాటకానికి ఎంత దగ్గరగా వస్తే దొంగతనమన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో జవాబిచ్చింది. ప్రాంతీయ దురభిమానం మీద ఆయన రాసిన ‘హమ్ హిందూస్తానీ’ నాటకాన్ని 1956 నాటి ‘న్యూ ఢిల్లీ’ సినిమా కాపీ కొట్టిందన్నది ఆరోపణ. ఇతివృత్తం ఒకటే అయినా దాన్ని మలచిన తీరు వేరైతే ఉల్లంఘన కాదని కోర్టు తేల్చింది. ఇతివృత్తం ఎవరి సొత్తూ కాదు, దాన్ని చెప్పిన తీరుకే రక్షణ. సినిమా వాళ్లు కథను తీసుకుని మాటలు వదిలేయడానికి కళా కారణాలతో పాటు ఈ కారణమూ ఉంది.

హక్కుల చిక్కు లేని నాటకాలకు మరో రకం చిక్కు ఎదురవుతుంది. కాళ్లకూరి ‘చింతామణి’ ప్రదర్శనలను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జనవరిలో నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్య సంఘాలు చేసిన ఫిర్యాదులు దానికి నేపథ్యం. కాళ్లకూరి రాసింది ఒకటి, దశాబ్దాల పాటు నటులు అప్పటికప్పుడు చేర్చుకుంటూ పోయిన హాస్యం మరొకటి అన్న వాదన అప్పుడు బలంగా వినిపించింది. అచ్చులో ఉన్న నాటకం, జనానికి గుర్తున్న నాటకం వేర్వేరైనప్పుడు సినిమా తీసేవాడు దేన్ని తీయాలి? కొత్తగా తీసే ఏ అనుసరణకైనా పెట్టుబడి పెట్టేవాళ్లు ముందు అడిగే ప్రశ్నల్లో ఇదొకటి అవుతుంది.

వీలున్న చోట్లు

ఓటీటీ వచ్చాక నిడివి కట్టుబాటు సడలింది. ‘జోజి’ నేరుగా ఓటీటీలోనే విడుదలైంది. ఏడంకాల ‘కన్యాశుల్కం’కు సినిమా కన్నా సిరీస్ ఎక్కువ అనువు. పాత్రలు మాయమై మళ్లీ రావచ్చు, అసిరికి కూడా ఒక భాగం దక్కవచ్చు. మాండలికం భయం కూడా తగ్గింది. ఉత్తరాంధ్ర, తెలంగాణ మాటలు ఈనాటి తెరకు కొత్త కావు.

తెరకు ఇంకా చక్కగా ఒదిగేది వేదం వారి ‘ప్రతాపరుద్రీయం’ (1897) కావచ్చు. ఓరుగల్లు రాజును ఢిల్లీ సైన్యం ఎత్తుకుపోతుంది. మంత్రి యుగంధరుడు పిచ్చివాడి వేషంలో ఢిల్లీ వీధుల్లో తిరుగుతూ, సుల్తానును పట్టుకుపోతానని పైకే అరుస్తుంటాడు. పిచ్చివాడి కేక కాబట్టి ఎవరూ పట్టించుకోరు. స్వగతానికి ఇంతకన్నా మంచి సాకు ఎక్కడ దొరుకుతుంది? రాజు పోలికలున్న చాకలి పేరిగాడు రాజు స్థానంలో కూర్చుంటాడు. వేదిక మీద ఆ పోలికను ప్రేక్షకుడు నమ్మినట్టు నటించాలి. తెలుగు తెరకు ద్విపాత్రాభినయం దశాబ్దాల అలవాటు. ఆ రెండు పాత్రలనూ విడదీసేది భాషే. ఏ పాత్రకు తగ్గ భాష ఆ పాత్రకు పెట్టాలన్నది వేదం వారి పట్టు. రాజు మాట, పేరిగాడి మాట ఒకే నటుడి నోట వేర్వేరుగా పలకాలి. అక్కడ మాత్రం కెమెరా మాట పనిని తీసుకోలేదు.